రెస్టిచ్చిన మనిషి

మా నాన్న పగలు నిద్రపోడు. డెబ్బై ఆరేళ్ళ మనిషి, ముప్పై తొమ్మిదేళ్ళు రైల్వే షెడ్డులో బోగీల కింద దూరి బ్రేకులు బిగించిన మనిషి, మధ్యాహ్నం భోంచేసి ఒక కునుకు తీస్తే ఎవరు కాదంటారు? తీయడు. కుర్చీలో నిటారుగా కూర్చుంటాడు. మూడున్నర అయ్యేసరికి లేచి గుమ్మంలో నిలబడతాడు. నాలుగు దాటాక లోపలికొచ్చి, తలుపు గడియ వేసి, పడిందా లేదా అని మూడుసార్లు లాగి చూసి, అప్పుడు టీ అడుగుతాడు.

నా చిన్నప్పుడు, షెడ్డుకి సెలవు పెట్టిన రోజుల్లో కూడా ఇదే వరస. నేను బడి నుంచి వచ్చే వేళ కాబట్టి నాకోసమే చూస్తున్నాడనుకునేదాన్ని. "మా నాన్న నాకోసం గుమ్మంలో నిలబడతాడు తెలుసా" అని స్నేహితురాళ్ళ దగ్గర గొప్పలు కూడా పోయాను. పెళ్ళయి వెళ్ళిపోయాక, అమ్మ మాటల మధ్యలో "మూడున్నరైంది, మీ నాన్న గుమ్మంలో నిలబడే టైము" అన్నప్పుడు మనసు చివుక్కుమంది. అంటే ఆ నిలబడడం నాకోసం కాదన్నమాట. మరి ఎవరికోసమో నేను అడగలేదు, ఆయన చెప్పలేదు. మా ఇంట్లో అడగకుండా వదిలేసిన ప్రశ్నలకి ఒక బీరువా సరిపోదు.

అమ్మ పోయాక నాన్న నా దగ్గరికి వచ్చేశాడు. నేను టైలర్ని. ముందు గదిలో మిషను, వెనక రెండు గదుల్లో సంసారం. నాన్న కుర్చీ మిషనుకి ఎదురుగానే. నేను కుట్టిన ప్రతి గుండీని ఆయన ఓసారి లాగి చూస్తాడు. "నాన్నా, అది చొక్కా, బోగీ కాదు" అంటే, "ఊడిపోతే తెలుస్తుంది ఏదేమిటో" అంటాడు.

ఈ కథంతా మా అమ్మాయి తెచ్చిన ఒక ఫారంతో మొదలైంది. దానికి ఈమధ్యే రైల్వేలో సహాయ డ్రైవరుగా ఉద్యోగం వచ్చింది. ఇంజనులో కూర్చుని రైలు నడుపుతుంది. నాన్న ఆ రోజు మిఠాయి పంచలేదు కానీ వీధి చివరి దాకా మూడుసార్లు నడిచొచ్చాడు, అది ఆయన పండగ. ముత్తాత గేటుమనిషి, తాత ఫిట్టరు, మనవరాలు డ్రైవరు. మధ్యలో నేనొక్కదాన్నే పట్టాలు తప్పి కుట్టుమిషను ఎక్కాను.

రైల్వే వాళ్ళు ఏడాదికోసారి వేసే పత్రికలో, తరతరాలుగా పనిచేస్తున్న కుటుంబాల గురించి రాస్తారట. మూడు తరాలుంటే ఫోటో కూడా వేస్తారట. ఫారంలో ఒక్కొక్కరికీ నాలుగు గళ్ళు. పేరు, హోదా, పనిచేసిన చోటు, ఉద్యోగం ముగిసిన విధం.

మా అమ్మాయి తనది రాసింది. నాన్నది నాన్నే రాశాడు, ముత్యాల్లాంటి అక్షరాలు. మొదటి తరం దగ్గరికి వచ్చేసరికి కలానికి మూత పెట్టేశాడు.

"మా నాన్న సంగతి రాయొద్దు."

"అదేంటి తాతయ్యా, మూడు తరాలుంటేనే ఫోటో!"

"వద్దంటే వద్దు. ఫోటో లేకపోతే కొంప మునగదు."

పిల్ల నావైపు చూసింది, నేను మిషనువైపు చూశాను. నాన్న లేచి, వేసి ఉన్న గడియనే మళ్ళీ లాగి చూసొచ్చాడు. మా తాతయ్య, అంటే నాన్న వాళ్ళ నాన్న, రైల్వే గేటు వేసి తీసే గేటుమనిషి అని తప్ప మాకెవరికీ ఏమీ తెలియదు. నాన్నకి పదకొండేళ్ళప్పుడు ఊపిరితిత్తుల జబ్బుతో పోయాడు. నానమ్మ కూడా నేను పుట్టకముందే పోయింది. ఇంట్లో ఒక్క ఫోటో లేదు.

మర్నాడు పిల్ల డ్యూటీకి వెళ్ళాక, నేను కాలరు కుడుతుంటే నాన్న వెనక నుంచి అన్నాడు.

"ఆ నాలుగో గడి ఉంది చూడు. ముగిసిన విధం. అందులో ఏం రాయమంటావు? పనిలోంచి తీసేశారని రాయమంటావా?"

నేను మిషను ఆపాను. నాన్న తనంతట తాను నోరు తెరవడం మా ఇంట్లో రోజూ జరిగేది కాదు.

అప్పుడు చెప్పాడు. వాళ్ళు పద్నాలుగో నంబరు గేటు పక్కనే ఉన్న గేటు ఇంట్లో ఉండేవాళ్ళు. ఒకటే గది, ముందు చిన్న వసారా, దాని ముందు పట్టాలు. నాన్నకి ఆరేళ్ళు. ఒక గురువారం, జ్వరంతో ఒళ్ళు తెలియకుండా పడి ఉన్నాడు. నాన్న కావాలి, నాన్న కావాలి అని పొద్దుటి నుంచి ఒకటే ఏడుపు. ఎప్పుడో కళ్ళు తెరిస్తే తాతయ్య పక్కనే ఉన్నాడు, ఖాకీ చొక్కాతోనే, నుదుటి మీద తడిగుడ్డ వేస్తూ. గోడ మీద ఎండ ఉంది. ఆ చెయ్యి పట్టుకుని నిద్రపోయాడు. మళ్ళీ లేచేసరికి బయట జనం, కేకలు. గేటు తెరిచి ఉండగా మూడూ నలభై రైలు వచ్చేసింది. ఇటుకల బండి పట్టాల మీద ఉంది. బండివాడు మూడో రోజు ఆసుపత్రిలో పోయాడు.

"కొన్నాళ్ళకి పక్కింటావిడ వచ్చింది. మా అమ్మ ఆవిడతో మెల్లిగా చెప్తోంది. నేను తలుపు వెనక ఉన్నాను. 'ఆయన ఆ రోజు రెస్టిచ్చిన మనిషి వదినా, గేటు దగ్గర లేడు' అంది. ఈ చెవులతో విన్నాను. నెల తిరక్కుండా ఆ ఇల్లు ఖాళీ చేయించారు. ఊళ్ళో అద్దె గదిలోకి మారాం. మా నాన్న అప్పట్నుంచి మాట్లాడడం మానేశాడు. పొద్దున్నే క్యారేజీ పట్టుకుని రోజుకొక దిక్కు వెళ్ళేవాడు. పని వెతుక్కుంటున్నాడని అనుకున్నా."

రెస్టివ్వడం అంటే ఏమిటో నాకూ తెలుసు. షెడ్డులో ఎవరినైనా పనిలోంచి తీసేస్తే, "వాడికి రెస్టిచ్చార్రా" అని వేళాకోళం చేసుకునేవాళ్ళు. ఆ మాట నాన్న నోటివెంట వినే పెరిగాను.

"గేటు వదిలేసి ఎందుకొచ్చాడనుకున్నావు? నేను ఏడ్చినందుకు," అన్నాడు నాన్న. "నా జ్వరం ఆ బండివాణ్ణి మింగింది. నేను హాయిగా నిద్రపోయాను."

డెబ్బై ఏళ్ళు. పెళ్ళాంతో చెప్పలేదు, కూతురితో చెప్పలేదు. మూడున్నరకి లేచి గుమ్మంలో నిలబడ్డాడు, అంతే. నాకు ఏడుపు రాలేదు, కోపం వచ్చింది. ఆరేళ్ళ పిల్లాడు తలుపు వెనక విన్న ముక్క పట్టుకుని ఒక జన్మంతా శిక్ష వేసుకుంటాడా? ఒక్కసారి వాళ్ళమ్మని "నిజమేనా" అని అడగలేకపోయాడా? అడగలేడు. ఔనంటే ఏం చేస్తాడు? నేనైనా అడిగేదాన్ని కాదేమో. కానీ ఆ ముక్క నేను ఒప్పుకోను.

"సరే, నేను కనుక్కుంటాను," అన్నాను.

"ఏం కనుక్కుంటావు? ఉన్నది ఇంకోసారి చదువుకొస్తావు. అంతేగా."

ఆ మాట నన్ను దారి పొడుగునా వదల్లేదు. నిజంగా కాగితం మీద కూడా అదే ఉంటే? ఇప్పటిదాకా ఆయన అనుమానపు ఖైదీ. నేను వెళ్ళి దానికి ముద్ర వేయించుకొచ్చినదాన్నవుతాను.

పాత రికార్డులు పెద్దాఫీసు వెనక, సైకిలు స్టాండు పక్క ఒక పొడుగాటి గదిలో ఉన్నాయి. దాన్ని చూసే గుమాస్తా మెడకి గుడ్డ చుట్టుకుని, ఫ్లాస్కులో వేడినీళ్ళు పెట్టుకుని, మాటకో దగ్గు దగ్గుతాడు. దుమ్ము తప్ప వేరే తోడు లేని ఉద్యోగం పాపం. నేను మనసులో దగ్గులాయన అని పేరు పెట్టేసుకున్నాను. మొదటి రోజు "రేపు రండమ్మా" అన్నాడు. రెండో రోజు తాళంచెవి ఇంకొకరి దగ్గరుందన్నాడు. మూడో రోజు మెడ గుడ్డ అంచు పీలికలై వేలాడుతుంటే, నా సంచిలో సూదీ దారం ఎప్పుడూ ఉంటాయి కాబట్టి, అక్కడే కూర్చుని మడిచి కుట్టి ఇచ్చాను. నాలుగో రోజు నేను వెళ్ళేసరికి బల్ల మీద రెండు కట్టలు తయారుగా ఉన్నాయి.

"ఇవి గేట్ల హాజరు పుస్తకాలు. ఇది ప్రమాదం ఫైలు. ప్రమాదాల ఫైళ్ళు మాత్రం పారేయరమ్మా, ఎన్నేళ్ళయినా," అన్నాడు.

ఫైలు ముట్టుకోవడానికి చెయ్యి రాలేదు. హాజరు పుస్తకం తీశాను. కాగితం అప్పడంలా అయిపోయింది, ఒక్కో పేజీ అరచేతుల మీద తిప్పాలి. తాతయ్య పేరు దొరికింది. ఏళ్ళ తరబడి, పద్నాలుగో గేటు, పద్నాలుగో గేటు. ఆ ప్రమాదం జరిగిన ఏడాది పేజీలో పేరు పక్కన ఎర్ర సిరాతో రెండక్షరాలున్నాయి. ఆర్.జి.

ఆర్ అంటే రిమూవ్డ్. జి అంటే గేటు. గేటు నుంచి తీసేశారు. ఇంకేముంది, ముద్ర పడింది. అంత ఎర్రగా రాయకపోతేనేం, చేతులు పడిపోతాయా అని ఎప్పుడో చచ్చిపోయిన ఆ గుమాస్తాని తిట్టుకున్నాను. నాన్నకేం చెప్పాలి? రికార్డులు దొరకలేదనాలా? అబద్ధమాడడం నాకు రాదు, మెడ దగ్గర ఎర్రబడిపోతాను.

"ఏమైందమ్మా, మంచినీళ్ళు తాగుతారా?" అన్నాడు దగ్గులాయన.

"తీసేశారని తెలుసండీ. ఇంత ఎర్రగా రాస్తారని తెలియదు."

"ఎవర్ని తీసేశారు?"

వేలితో చూపించాను. కళ్ళజోడు పైకి తోసుకుని వంగి చూసి, దగ్గూ నవ్వూ కలిపి ఒక్కసారి బయటపెట్టాడు.

"ఆర్.జి. అంటే రెస్ట్ గివర్ అమ్మా! ప్రతి గేటుమనిషికీ వారానికో రోజు సెలవుంటుందా? ఆ రోజు గేటు దగ్గర ఎవరో ఒకరు నిలబడాలి కదా? ఆ మనిషే ఈయన. సోమవారం ఒక గేటు, మంగళవారం ఇంకో గేటు. అలా ఆరు గేట్లకి ఆరు రోజులు రెస్టిచ్చి, ఏడో రోజు తను తీసుకుంటాడు. ఎర్ర సిరా ఎందుకంటే, ఏ రోజు ఏ గేటో పేజీలో తేలిగ్గా కనపడాలని."

రెస్టిచ్చిన మనిషి. నానమ్మ అన్న మాట అన్నట్టే ఉంది, అర్థం తలకిందులైంది. మన భాషతో వచ్చిన చిక్కే అది. పాఠం చెప్పిన మనిషి అంటే చెప్పినవాడూ కావచ్చు, ఎవరికి చెప్పారో వాడూ కావచ్చు. రెస్టిచ్చిన మనిషి అంటే నానమ్మ లెక్కలో రెస్టు ఇచ్చినవాడు. తలుపు వెనక ఉన్న పిల్లాడి లెక్కలో, ఎవరికిచ్చారో వాడు. ఒక్క మాట కుట్టు విప్పి తిరగేసి చూసుకోవడానికి మా ఇంట్లో డెబ్బై ఏళ్ళు పట్టింది.

"ఆ గురువారం ఎక్కడున్నారో చూడండి," అన్నాను.

ఆయన గళ్ళ మీద వేలు జరుపుతూ పోయాడు. గురువారం, పంతొమ్మిదో గేటు. ఉదయం ఆరు నుంచి రెండు వరకు. డ్యూటీ ఎక్కినప్పుడు ఒక సంతకం, దిగినప్పుడు ఒక సంతకం, పక్కన తర్వాతి మనిషిది. పద్నాలుగో గేటులో ఆ రోజు వేరే సంతకం ఉంది. తాతయ్య అక్కడ నిలబడేది సోమవారం మాత్రమే. ఆరేళ్ళవాడికి ఏం తెలుసు సోమవారమేదో గురువారమేదో. నాన్న ఖాకీ చొక్కా వేసుకుంటే ఇంటి ముందు గేటు నాన్నదే.

"మరి ఇల్లు ఖాళీ చేయించారే?"

"రెస్ట్ గివర్‌కి గేటు ఇల్లు ఉండదమ్మా. అది ఆ గేటు పర్మనెంటు మనిషిది. ఈయన్ని మార్చినప్పుడే ఖాళీ చెయ్యాలి, రెండు నెలలు ఓపిక పట్టినట్టున్నారు." దగ్గి, వేడినీళ్ళు ఒక గుక్క తాగి అన్నాడు. "ఇంతకీ మీ నాన్నగారికి ఉద్యోగం ఎలా వచ్చింది?"

"తాతయ్య పోయారని, పద్దెనిమిదేళ్ళు నిండాక ఆయన బదులు..."

"తీసేసిన మనిషి బదులు కొడుక్కి ఉద్యోగం ఎందుకిస్తారండీ ఎక్కడైనా?"

అంత చిన్న లెక్క మాకెవరికీ తట్టలేదు. ఎవరో పెద్దాఫీసరు జాలిపడి ఇచ్చాడని నాన్న ఎప్పుడూ అనేవాడు. ఆ జాలికి రుణపడి ఒక్క రోజు కూడా ఆలస్యంగా వెళ్ళలేదు. నేను అక్కడే ఆ దుమ్ములో కూర్చుని ముందు నవ్వాను, తర్వాత ఏడ్చాను. దగ్గులాయన కిటికీవైపు తిరిగి తన ఫ్లాస్కు మూత చాలాసేపు బిగించాడు.

తర్వాత ఫైలు తీశాను. నాలుగు పేజీలు. మూడో పేజీ తాతయ్య వాంగ్మూలం. ఆఫీసు పక్కనే ఉన్న జిరాక్సు కొట్టుకి దగ్గులాయనే తోడొచ్చి అన్నీ కాపీలు తీయించి ఇచ్చాడు.

ఇంటికొచ్చేసరికి ఒంటిగంట. నాన్న కుర్చీలో నిటారుగా ఉన్నాడు. నేను చెప్పుల్తోనే గదిలోకి వెళ్ళిపోయి ఆయన ముందు నేల మీద కూర్చున్నాను.

"తాతయ్యని తీసెయ్యలేదు. ఆ రోజు అది ఆయన గేటే కాదు," అన్నాను.

ఎగిరి గంతేస్తాడనుకున్నానా? గడియ లాగినట్టు దాన్నీ లాగి చూశాడు.

"సంతకం ఆయనదేనని ఏంటి నమ్మకం?"

కాపీ చేతికిచ్చాను. భూతద్దం తెచ్చుకుని చూశాడు. చివరి అక్షరం తోక కిందకి లాగి వదిలేయడం మా నాన్నకీ ఉంది, మా అమ్మాయికీ ఉంది. భూతద్దం ఆ తోక దగ్గరే ఆపాడు.

"సరే. మరి డ్యూటీలో ఉన్నవాడు పట్టపగలు ఇంటికెలా వచ్చాడు?"

"రెండింటికి దిగాడు నాన్నా. పక్కనే రాసుంది. ప్యాసింజరెక్కి మూడింటికల్లా ఇంట్లో ఉన్నాడు."

"నేను ఏడ్చానని రాలేదా?"

ఆ మూడో ప్రశ్నకి జవాబు తాతయ్యే చెప్పాలి. వాంగ్మూలం కాగితం ఇచ్చాను. నాన్న భూతద్దం దాని మీద పెట్టి, బడిపిల్లాడిలా కూడబలుక్కుంటూ పైకి చదివాడు.

"నేను పంతొమ్మిదో గేటులో రెండింటికి డ్యూటీ దిగి, ప్యాసింజరులో మూడింటికి ఇంటికి వచ్చాను. మా అబ్బాయికి మూడు రోజులుగా జ్వరం. పక్కన కూర్చుని తడిగుడ్డ వేశాను. పిల్లవాడికి చెమట పట్టింది. జ్వరం దిగింది. నా చెయ్యి పట్టుకుని నిద్రపోయాడు. నిద్ర చెడుతుందని చెయ్యి తీయకుండా కొంతసేపు కూర్చున్నాను. తర్వాత బయట మోత వినిపించి పరుగెత్తాను. బండి మనిషిని నేనే ఎత్తి పక్కన పడుకోబెట్టాను. నాకు తెలిసింది ఇంతే."

చదవడం అయిపోయాక కూడా భూతద్దం కాగితం మీద నుంచి తీయలేదు.

"నా జ్వరం దిగిందని రాయించాడే," అన్నాడు. "అంత గొడవలో. ఆఫీసర్ల ముందు."

"రాయించాడు నాన్నా."

"బండివాణ్ణి ఎత్తింది ఈయనా? అందుకన్నమాట మాట్లాడడం మానేశాడు." కళ్ళు తుడుచుకోలేదు, కారనిచ్చాడు. "నేనేమో నామీద కోపం అనుకున్నాను."

నేను ఆయన మోకాళ్ళ మీద తల పెట్టుకున్నాను. నలభై ఎనిమిదేళ్ళ దాన్ని, ఆ పని చేసి ఎన్నేళ్ళయిందో.

కాసేపటికి ఆయనే అడిగాడు. "మరి ఆ రోజు గేటు దగ్గర ఉన్నదెవరు?"

"నాలుగో పేజీలో ఉంది. పేరూ ఉంది, ఏం జరిగిందో కూడా ఉంది. చదవనా?"

కాగితం తీయబోతుంటే నాన్న నా చెయ్యి పట్టుకున్నాడు.

"వద్దు. ఆయనకీ పిల్లలుంటారు."

ఆ పేజీ మడిచి నా కొలతల పుస్తకంలో పెట్టేశాను. నేను చదివాను, అందులో ఏముందో నాకు తెలుసు. ఇక్కడ కూడా రాయను.

ఫారం తెచ్చి ఆయన ముందు పెట్టాను. మొదటి తరం గళ్ళు నాన్నే నింపాడు. హోదా దగ్గర, ఆఫీసు మాట నాకెందుకని, రెస్టిచ్చే మనిషి అని రాశాడు. రాసి, ఎవరైనా పొరపాటు పడతారేమోనని, పక్కన బ్రాకెట్లో "ఆరు గేట్లకు" అని చేర్చాడు. నాలుగో గడిలో, ఉద్యోగంలో ఉండగానే మరణం. కలం మూత పెట్టి, ఆ గడి ఇంకోసారి చదువుకున్నాడు.

"నడుం లాగుతోంది, కాస్త ఒరుగుతాను. నాలుగింటికి లేపు," అన్నాడు.

నేను బదులు చెప్పేలోపే లోపలి గదిలోకి వెళ్ళిపోయాడు. మిషను చప్పుడు చెయ్యకుండా చేత్తో గుండీలు కుట్టుకుంటూ కూర్చున్నాను. మూడున్నర అయింది. గుమ్మంలో ఎవరూ లేరు. వీధి తలుపు బార్లా తీసే ఉంది, గడియ సంగతి ఆయనా మర్చిపోయాడు, నేనూ గుర్తు చేయలేదు. మూడూ నలభైకి లోపల్నుంచి గురక వినిపించింది. మా నాన్న గురక పెడతాడని నాకప్పుడే తెలిసింది.

నాలుగు కొట్టింది. నేను లేపలేదు.